కాగితం ఒకరిది, మాట ఇంకొకరిది, రహస్యం మూడో మనిషిది

(గుంటూరులో ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయ పాఠకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అండీ? సరే. కొంతమంది సంచుల్లో పాత ఉత్తరాలు తెచ్చుకున్నట్టున్నారు. వాటిని ప్రస్తుతానికి సంచుల్లోనే ఉంచండి, ఫ్యాను కింద విప్పకండి. చివర్లో కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం.

ఈ పూట మాట్లాడుకునేది, వయసు మీద పడిన ఒక ప్లీడరు గారు తన చిరకాల స్నేహితుడికి రాసుకున్న సొంత ఉత్తరాల గురించి. ఎవరి పేరూ చెప్పను. మన గుంటూరులో, బెజవాడలో ఇలాంటి కట్టలు దాచుకున్న ఇళ్ళు ఉన్నాయి. వాటన్నిటికీ గుర్తుగా ఒక కట్టని ఊహించుకుందాం. ప్లీడరు గారిది బ్రాడీపేట. స్నేహితుడు బందరులో రిటైరైన మాస్టారు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ముసలితనంలో కూడా "ఏరా" అనే రాసుకుంటారు. నలభై ఏళ్ళ ఉత్తరాలు. మాస్టారు పోయారు. వాళ్ళమ్మాయి ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున పురికొసతో కట్టిన కట్ట కనపడింది. ఇప్పుడు ఆవిడ ఏం చెయ్యాలి?

మామూలుగా ఏం చేస్తారు? కొస తెంపేస్తారు, ఉత్తరాలు తేదీల వారీగా పేరుస్తారు. మొదటి నష్టం అక్కడే జరుగుతుంది. ఎందుకంటే చాలా ఉత్తరాల మీద తేదీ ఉండదు. "ఆదివారం సాయంత్రం" అని ఉంటుంది, అంతే. తేదీ లేని ఉత్తరం ఏ రెండు ఉత్తరాల మధ్య దొరికిందో, దాని కాలం చెప్పడానికి అదే మొదటి ఆధారం. మనం కలిపేశామా, ఆ ఆధారం పోయినట్టే. పైగా మాస్టారు ఒక నాలుగు ఉత్తరాలు విడిగా దారం చుట్టి పెట్టుకున్నారనుకోండి. ఎందుకు పెట్టుకున్నారు? మనకి తెలియదు. తెలిసేదాకా అది అలాగే ఉండాలి.

అందుకని ముందు కట్టని కట్టలాగే నాలుగు వైపులా ఫోటో తియ్యండి. తర్వాత ముడి విప్పండి, కత్తెర వద్దు. పైనుంచి కిందికి వస్తూ ఒక్కొక్క ఉత్తరం వెనక మూలన 2బీ పెన్సిలుతో, ఒత్తకుండా, నంబరు వెయ్యండి. పెన్ను వద్దు. బాల్ పెన్ను అసలే వద్దు, కాగితానికి గాడి పడుతుంది. కవరు 17 అయితే లోపలి ఉత్తరం 17అ. తేదీల వరస కావాలంటే నోటు పుస్తకంలో పట్టిక రాసుకోండి. వరస మారాల్సింది పట్టికలో, కట్టలో కాదు.

ఇన్లాండు లెటరు, అంటే ఉత్తరమూ కవరూ ఒకే కాగితంగా మడిచి అంటించేది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేది అదే. రాసే మనిషి లోపల చోటంతా నింపి, మడతపెట్టే రెక్క మీద రాసి, అదీ చాలక అంచుల చుట్టూ కాగితం తిప్పుకుంటూ రాస్తాడు. అసలు మాట చాలాసార్లు ఆ రెక్క మీదే ఉంటుంది. అందుకున్న మనిషి ఆత్రంగా వేలు దూర్చి చింపుతాడు, వాక్యం రెండు ముక్కలవుతుంది. ఆ రెండో ముక్క ఎక్కడ ఉంటుంది? ట్రంకు పెట్టె అడుగున, దుమ్ములో. అందుకే పెట్టె అడుగు దులిపి చెత్తలో పొయ్యకండి. గోరంత ముక్కైనా సరే, ఒక కవర్లో వేసి "అడుగున దొరికినవి" అని రాసి పెట్టండి. అంచుల మీద రాత ఎటు నుంచి ఎటు పోతోందో కూడా రాసుకోవాలి. లేకపోతే ఎత్తిరాసేవాళ్ళు ఆఖరి మాటని మొదట్లో పెట్టేస్తారు.

అసలు విప్పని ఇన్లాండు దొరికితే? దొరుకుతాయండీ, పెళ్ళి హడావిడిలో పక్కన పెట్టి మరిచిపోయినవి. ఆవిరి పట్టకండి. ఫౌంటెన్ పెన్ను నీలం సిరా తేమ తగిలితే పాకిపోతుంది. పల్చగా చెక్కిన వెదురు బద్ద జిగురు అంచు కిందికి పోనిచ్చి, కాగితాన్ని బల్లకి ఆనించి, నెమ్మదిగా జరపండి. ఎక్కడైనా పట్టేస్తే ఆగిపోండి. తెలిసినవాళ్ళకి చూపించండి. తొందరేమీ లేదు, అన్నేళ్ళు ఆగిన ఉత్తరం ఇంకో నెల ఆగుతుంది.

ఇంకో రకం నష్టం, ఇంట్లో పిల్లలు స్టాంపుల కోసం కత్తిరించినవి. స్టాంపుతో పాటు పోస్టు ముద్ర పోతుంది. ఇన్లాండు మీద స్టాంపు అచ్చు చదరంగా కత్తిరిస్తే దాని వెనక లోపలివైపు రాసిన రెండు మూడు పంక్తులు కూడా పోతాయి. ఆ పంక్తులు ఆ ఇంటి స్టాంపుల ఆల్బంలో ఉండొచ్చు. వెతకండి. నవ్వుతున్నారు గానీ, నిజంగా వెతకండి.

ఇక కాలం తేల్చడం. ముద్రలు రెండు ఉంటాయి, వేసిన ఊరిది, అందిన ఊరిది. రెండోది వెనకవైపు పడుతుంది, చాలామంది చూడరు. ముద్ర చెరిగిపోతే? చిరునామాలో పిన్ కోడ్ ఉందా చూడండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఉంటే ఆ తర్వాతిదే. లేకపోతే ముందుదని మాత్రం అనుకోకండి, పెద్దవాళ్ళు చాలా ఏళ్ళు పిన్ రాయకుండానే వేశారు. ఈ తేడా పట్టుకోవాలి. ఉన్నది రుజువు అవుతుంది, లేనిది రుజువు కాదు. స్టాంపు మీద "నయా పైసలు" ఉంటే ఆ స్టాంపు 1957కీ 1964కీ మధ్య అచ్చయినది. లోపల లెక్క "12-8-0" అని ఉంటే తేదీ అనుకుని ఎత్తిరాసేవాళ్ళని చాలామందిని చూడొచ్చు. తేదీ కాదు, పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. పాత అలవాటుతో 1957 తర్వాత కూడా కొన్నాళ్ళు అలా రాశారు.

కొందరు తెలుగు సంవత్సరం వేస్తారు. రాక్షస అంటే 1975-76, నల అంటే 1976-77, పింగళ అంటే 1977-78. పింగళ కార్తీకంలో రాసిన ఉత్తరంలో గాలివాన మాట ఉంటే, అది 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. కాకపోతే ఒక జాగ్రత్త, ఈ పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి. ప్రభవ 1927లోనూ ఉంది, 1987లోనూ ఉంది. కాగితం, సిరా చూసి ఏ ప్రభవో తేల్చాలి.

ప్లీడరు ఉత్తరాలకి మరొకరి ఉత్తరాలకి లేని గుర్తులు ఉంటాయి. కోర్టు క్యాలెండరు చూడండి. పొడుగాటి ఉత్తరాలు మే నెలలో వస్తాయి, సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. తర్వాత దసరా, సంక్రాంతి. మామూలు వారాల్లో కార్డు ముక్క, నాలుగు పంక్తులు, "రేపు వాయిదా ఉంది, తర్వాత రాస్తా". హైకోర్టు ప్రయాణం ఇంకా గట్టి గుర్తు. అప్పీలు పని మీద మద్రాసు మెయిలెక్కానంటే ఆంధ్ర రాష్ట్రానికి సొంత హైకోర్టు రాకముందు. హైకోర్టుకి రిక్షాలో వెళ్ళొచ్చానంటే? 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర హైకోర్టు మన గుంటూరులోనే ఉంది. ఆ రెండేళ్ళ ఉత్తరం అది. హైదరాబాదు బండి అంటే 1956 నవంబరు తర్వాత. ఒక్క మాటతో కాలం తేలిపోతుంది.

పొట్టి అక్షరాలు వదిలెయ్యకండి. చి. అంటే చిరంజీవి, ల.సౌ. అంటే లక్ష్మీ సౌభాగ్యవతి, మ.రా.రా. అంటే మహారాజరాజశ్రీ, ఇంకా గం.భా. ఇవి మర్యాద కోసం మాత్రమే రాసినవి కావు. ప్లీడరు గారు మాస్టారి చెల్లెల్ని అడిగానని చెప్పమనేటప్పుడు ఏళ్ళ తరబడి "ల.సౌ." అని రాసి, ఒక ఉత్తరం నుంచి "గం.భా." అని మొదలుపెట్టారనుకోండి. గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయిన ఆవిడ పేరు ముందు రాసే మాట. ఆ రెండు ఉత్తరాల మధ్యలో ఆవిడ భర్త పోయాడు. ఆ కబురు చెప్పిన ఉత్తరం కట్టలో ఎందుకు లేదు? అశుభ వార్త తెచ్చిన కార్డు చదివి చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు. కాబట్టి కట్టలో ఖాళీ ఎక్కడ ఉందో అక్కడ ఆగి చూడాలి. పసుపు రాసిన మూలలు కనపడితే శుభ్రం చెయ్యకండి, అది మరక కాదు.

ముసలితనం కాగితం మీద ఎలా కనపడుతుంది? ముందు పంక్తులు కుడివైపుకి కిందికి జారతాయి. తర్వాత అక్షరం పెద్దదవుతుంది, చూపు మందగించింది. శుక్లాల ఆపరేషను తర్వాత మళ్ళీ చిన్నదవుతుంది, సంతోషం ఆ అక్షరంలోనే తెలుస్తుంది. ఫౌంటెన్ పెన్ను పోయి బాల్ పెన్ను వస్తుంది, పాళీకి చెయ్యి స్థిరంగా ఉండాలి కదా. ఆ తర్వాత చేతిరాత మారిపోతుంది, గుమాస్తానో జూనియరో మనవరాలో రాసి పెడతారు, ఆయన సంతకం ఒక్కటీ చేస్తారు. అక్కడ చాలా శ్రద్ధగా చదవాలి. "ఏరా" పోయి "మీరు" వస్తుంది, కేసు మాటలు తగ్గుతాయి, బాధ అసలు రాదు. స్నేహం తగ్గిందా? లేదండీ. మధ్యలో ఇంకో మనిషి కూర్చుని రాస్తున్నాడు. ఆ ఉత్తరం చివర సంతకం కింద వంకర అక్షరాలతో ఒక్క పంక్తి ఆయనే రాసి ఉంటే, ఉత్తరం మొత్తానికీ ఆ పంక్తే ముఖ్యం. అచ్చు వేసేటప్పుడు అది ఆయన చేతిదని విడిగా చెప్పాలి. చెప్పకపోతే మనం ఆయనకి అన్యాయం చేసినట్టే.

ఎత్తిరాసేటప్పుడు ఆయన తప్పులు దిద్దకండి. చదవలేని మాట దగ్గర ఊహించి పూరించకండి, చదరపు బ్రాకెట్టులో ప్రశ్న గుర్తు పెట్టి వదిలెయ్యండి. స్కాను చేస్తే చేతిరాతకి 400 డీపీఐకి, అంటే అంగుళానికి 400 చుక్కలకి, తగ్గొద్దు, రంగుల్లోనే చెయ్యండి, రెండు వైపులా, ఖాళీ వైపు కూడా. దాచుకునే ప్రతి టిఫ్ ఫైలుగా, పంచుకునేది జేపెగ్ ఫైలుగా. ఫోనుతో తీస్తే కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి, ఫ్లాష్ వద్దు. వెలిసిపోయిన పెన్సిలు రాత పక్క వెలుగులో గాడిని బట్టి చదవొచ్చు.

ఖాళీ వైపు అన్నాను కదా. ఇక్కడ నుంచి జాగ్రత్తగా వినండి, ఈ పూట నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ప్లీడర్లు కాగితం పారెయ్యరు. టైపు కొట్టిన పాత దావా చిత్తు ప్రతి వెనక ఉత్తరం రాస్తారు. ఇటువైపు స్నేహితుడితో మోకాళ్ళ నొప్పుల ముచ్చట, అటువైపు ఎవరిదో విడాకుల పిటిషను. మీరు రెండు వైపులా స్కాను చేసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఏమయింది? ఎవరో ఒక ఆడమనిషి కాపురం సంగతి, పేరుతో సహా, నలభై మంది ఫోన్లలోకి వెళ్ళింది.

ఈ ఉత్తరాలు ఎవరివి? మా నాన్నగారికి వచ్చినవి, కాబట్టి మావి. అంతేనా? అంతే కాదు. కాగితం అందుకున్న మనిషిది, ఆయన తర్వాత ఆయన వారసులది. అమ్ముకోవచ్చు, దాచుకోవచ్చు. మాట మాత్రం రాసిన మనిషిది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం అచ్చు వేసే హక్కు ప్లీడరు గారిది, ఆయన తర్వాత ఆయన వారసులది. మాస్టారు వీలునామాలో "ఉత్తరాలన్నీ మా అమ్మాయికి" అని రాసినా కాగితాలే వస్తాయి, ఆయనకి లేని హక్కు ఆవిడకి రాదు. ఎన్నేళ్ళు? రచయిత పోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు అని అందరికీ తెలుసు. కానీ ఇవి ఆయన బతికుండగా అచ్చు కాలేదు కదా. ఆ తరహా రచనలకి 24వ సెక్షను, పోయాక మొదట అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళ లెక్క. "ఆయన పోయి చాలా కాలమైందిలే" అన్న మాట ఇక్కడ చెల్లదు.

కాబట్టి వారసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. అందరి సంతకాలూ కావాలి, పెద్దబ్బాయి ఒక్కడు ఫోనులో సరే అంటే చాలదు. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో, ఎక్కడెక్కడికో రాయించుకోండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పుస్తకం ఇక్కడ వేశారు, ఆరో ఏడు రెండో ముద్రణ వేశారు, అప్పుడు తగాదా వస్తుంది.

ఇక మూడో మనిషి. కక్షిదారు. ఆయన ఎవరికీ ఉత్తరం రాయలేదు, ఎవరి నుంచీ అందుకోలేదు. నమ్మి ప్లీడరు ముందు కూర్చుని తన సంగతి చెప్పుకున్నాడు. ప్లీడరు ఆ మాట బయటపెట్టకూడదని 1872 సాక్ష్యాధారాల చట్టం 126వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 132వ సెక్షను. కేసు అయిపోయినా, వకాల్తా ముగిసినా ఆ బాధ్యత ముగియదని చట్టమే వివరణ ఇచ్చింది. మరి స్నేహితుడికి ఎందుకు రాశారు? మనసు బరువెక్కి రాశారు. నలభై ఏళ్ళ నమ్మకం మీద రాశారు. మాస్టారు ఆ నమ్మకం నిలబెట్టారు, ట్రంకు అడుగున దాచారు. మాస్టారి మీద, వాళ్ళమ్మాయి మీద ఆ సెక్షను నేరుగా పడదు. అయినా ఆయన నోరు విప్పని చోట మనం విప్పొచ్చా? కూడదంటాను. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

కొన్ని చోట్ల అభిప్రాయంతో పనిలేదు, చట్టమే అడ్డం. అత్యాచారం కేసులో బాధితురాలిని గుర్తుపట్టేలా అచ్చు వెయ్యడం నేరం, పాత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షను, ఇప్పటి న్యాయ సంహితలో 72వ సెక్షను. పిల్లల కేసులైతే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను. చనిపోయిన మనిషి మీద నింద కూడా, కుటుంబాన్ని నొప్పించాలని వేస్తే పరువునష్టం కిందికి వస్తుంది.

పేరు దాచడం ఎలా? పేరు కొట్టేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. "ఫలానా ఊరి రెడ్డిగారి ఓ.ఎస్. నంబరు ఇంత, సంవత్సరం ఇంత" అని మిగిలితే (ఓ.ఎస్. అంటే సివిల్ దావా) కోర్టు రికార్డులో ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. కేసు నంబరు, సంవత్సరం, ఊరు, కులం, పొలం సర్వే నంబరు, ఇవన్నీ కలిసి మనిషిని పట్టిస్తాయి. అన్నీ కలిపి మార్చాలి. ఒక మనిషికి ఒకే గుర్తు, "క" అంటే పుస్తకమంతా "క". అసలు పేర్ల పట్టిక విడిగా, ఒకే ఒక ప్రతి, ఉత్తరాలతో కలపకుండా. కోర్టు తీర్పులో ఉన్న సంగతి బహిరంగమే, ఇందాక చెప్పిన చట్టాలు అడ్డం రాకపోతే అది రాయొచ్చు. తీర్పులో లేనిది, గదిలో చెప్పినది, అది రాయొద్దు.

అమ్మా, మీరు చెయ్యెత్తారు. "అయితే కాల్చెయ్యమంటారా" అంటున్నారు. అయ్యో, వద్దు. మూసి పెట్టొచ్చు. అలాంటి ఉత్తరాలు విడిగా కవర్లో పెట్టి, పైన "ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదు" అని రాసి, గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు ఇచ్చే పత్రంలోనే ఆ షరతు పెట్టండి. ఇద్దరి సంతకాలు, చెరో ప్రతి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, పాత పత్రికలు అక్కడ ఇప్పటికీ చదువుకోవచ్చు. మన ప్రాంతంలో కాగితం నిలబెట్టిన చోట్లు ఉన్నాయి. ఎక్కడ ఇచ్చినా నోటిమాట మీద ఇవ్వకండి.

ఇంట్లో ఉంచేవాళ్ళకి నాలుగు మాటలు. ల్యామినేషను చేయించొద్దు, వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగితే మళ్ళీ ఊడదు. సెల్లోటేపు వద్దు, జిగురు పసుపురంగు తిరిగి అక్షరం మీదికి పాకుతుంది. గుండుసూదులు, స్టేపులరు పిన్నులు తీసెయ్యండి, మన చెమ్మకి తుప్పు పట్టి కాగితం చిల్లు పడుతుంది. లాగకండి, పిన్ను వెనక కాళ్ళు పైకెత్తి తియ్యండి. ఎర్రగుడ్డలో చుట్టే అలవాటు ఉంది, తడిస్తే ఆ ఎరుపు కాగితానికి అంటుతుంది. గంజి లేకుండా ఉతికిన తెల్ల నూలుగుడ్డ మంచిది. పచ్చి వేపాకు కాగితాల మధ్య పెట్టొద్దు, పసరు మరక పోదు.

తడిస్తే? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. తడిసిన కట్టని విడదీయకండి, ఎండలో ఆరెయ్యకండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. వెంటనే ఆరబెట్టే తీరిక లేకపోతే కట్టకట్టగా పాలిథిన్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో పై గడిలో, ఐసు గడిలో పెట్టండి. బూజు ఆగిపోతుంది, సిరా పాకడం కూడా ఆగుతుంది. తర్వాత కొన్ని కొన్ని తీసి, తెల్ల బ్లాటింగ్ కాగితాల మధ్య, నీడలో, ఫ్యాను నేరుగా తగలకుండా ఆరబెట్టుకోవచ్చు. కరెంటు లేకపోతే ఈ ఉపాయం పనిచెయ్యదు, అప్పుడు నీడలో దండెం మీద గుడ్డ పరిచి ఆరెయ్యడమే.

ఆఖరి సంగతి. మన కట్టలో ఉన్నది ఒకవైపు మాటే. మాస్టారు రాసిన జవాబులు ఎక్కడున్నాయి? ప్లీడరు గారి ఇంట్లో. ఫైళ్ళలో వెతుకుతారు, దొరకవు. సొంత ఉత్తరాలు ఆయన ఫైళ్ళలో పెట్టరు. లా రిపోర్టుల సంపుటాల్లో, అంటే కోర్టు తీర్పులు అచ్చేసిన పుస్తకాల్లో, పెడతారు. ఏఐఆర్ అనే లా రిపోర్టు చదువుతూ ఉంటే పోస్టు వచ్చింది, ఉత్తరం చదివి, పేజీ గుర్తుగా అందులోనే పెట్టి మూశారు. ప్లీడరు పోయాక ఇంట్లోవాళ్ళు మొదట వదిలించుకునేవి ఆ సంపుటాలే. అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా అని తూకానికి వేసేస్తారు. మాస్టారి ఉత్తరాలు వాటితో పాటు వెళ్ళిపోతాయి.

కాబట్టి ఆ కుటుంబానికి ముందుగా కబురు చెయ్యండి. వాళ్ళు ఒప్పుకుంటే సంపుటాలు మీరే చూడండి. తలకిందులు చేసి దులపకండి, పెళుసు కాగితం విరుగుతుంది. బల్ల మీద పెట్టి, ముందు అంచు వైపు నుంచి బొటనవేలితో పేజీలు వదులుతూ పోండి, మధ్యలో ఏదైనా ఉంటే వేలికి అడ్డం తగులుతుంది. దొరికితే ఏ సంవత్సరం సంపుటం, ఏ పేజీ అని రాసుకుని అప్పుడు తియ్యండి. ఆ పేజీలో ఉన్న కేసే ఆ వారం ఆయన బల్ల మీద ఉన్న కేసు కావచ్చు, ఆయన ఉత్తరంలో దాని మాట ఉండొచ్చు.

ఇప్పుడు సంచులు తీసుకుని కిటికీ దగ్గరికి రండి. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని రండి. ఇన్లాండ్లు తెచ్చినవాళ్ళు ముందు.